ఇంగ్లీషులో "ప్రివలెన్స్ రేట్" అని రాయొచ్చా? థీసిస్ వాక్యాలు కాస్త చూడండి

వంశధార

నమస్తే అండీ. ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ థీసిస్‌లో రిజల్ట్స్ చాప్టర్ రాస్తున్నాను. 20 ఊళ్లు, ఊరికి 20 మంది చొప్పున 30 ఏళ్లు, ఆపై వయసున్న 400 మందికి ఇంటింటి సర్వే. పరగడుపున గ్లూకోమీటర్‌తో వేలి రక్తం చూసి 126 లేదా అంతకు మించితే షుగర్ ఉన్నట్టు రాసుకున్నాం. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లనూ కలిపాం. మొత్తం 48 మంది. ఆడవాళ్లు 220 మందిలో 32, మగవాళ్లు 180 మందిలో 16.

డ్రాఫ్టులో నేను రాసిన వాక్యాలు ఇవి:

"ది ప్రివలెన్స్ రేట్ ఆఫ్ డయాబెటిస్ వాజ్ ఫౌండ్ టు బి 12.00 పర్సెంట్."

"ప్రివలెన్స్ వాజ్ మోర్ ఇన్ ఫీమేల్స్ దాన్ మేల్స్."

"దేర్ వాజ్ 4 పర్సెంట్ ఇంక్రీజ్ కంపేర్డ్ టు ద ప్రీవియస్ స్టడీ." అదే మండలంలో పాత సర్వేలో 8 శాతం ఉంది.

"ఫీమేల్స్ హ్యాడ్ 1.7 టైమ్స్ హయ్యర్ రిస్క్ ఆఫ్ డయాబెటిస్."

నాలుగింటికీ ఎర్ర గీతలు పడ్డాయి. దిద్దినవాళ్లు "రేట్" తీసేయమన్నారు, కానీ కుష్ఠు కార్యక్రమం రిపోర్టుల్లో ప్రివలెన్స్ రేట్ అనే ఉంటుంది కదా! ఏది సరైనది? ఇంకొకటి, ఈ ఫలితాలను పంచాయతీలకు తెలుగులో ఒక పేజీ రాసివ్వాలి. "వ్యాప్తి రేటు" అంటే సరిపోతుందా?

లెక్కలపలక

మీ పరీక్ష వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి జవాబు సులువైంది. ఒక్కో వాక్యం చూద్దాం.

మొదటిది. రేట్ అంటే హారంలో కాలం ఉండాలి. లక్షమందిని ఏడాదిపాటు చూస్తే ఎంతమందికి కొత్తగా జబ్బు వచ్చింది అన్నది రేట్, అంటే ఇన్సిడెన్స్. మీరు కొలిచింది అది కాదు. ఆ రోజుకు 400 మందిలో ఎంతమందికి ఉందో చూశారు. అది నిష్పత్తి, ఇంగ్లీషులో ప్రపోర్షన్. అందుకే "ప్రివలెన్స్" ఒక్కటి చాలు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమం యూఎన్‌ఎయిడ్స్ వాళ్ల పరిభాష మార్గదర్శకాల్లోనూ ఇదే చెప్పారు: హెచ్‌ఐవీ ప్రివలెన్స్ అనండి, రేట్ తగిలించొద్దు, రేట్ అంటే కాలం గడిచినట్టు అర్థం వస్తుంది అని.

"వాజ్ ఫౌండ్ టు బి" కూడా అక్కర్లేదు, "వాజ్" చాలు. 12.00లో రెండు సున్నాలు కొట్టేయండి. 400 మంది సర్వేలో ఒక్క మనిషి అటూ ఇటూ అయితే 0.25 శాతం మారిపోతుంది. అలాంటప్పుడు రెండో దశాంశం రాస్తే లేని కచ్చితత్వాన్ని చూపించినట్టు అవుతుంది. ఒక్క దశాంశం రాసి, పక్కన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (సీఐ), అంటే అసలు విలువ ఉండగల హద్దులు, ఇవ్వండి. మామూలు సూత్రంతో మీకు వచ్చేది 8.8 నుంచి 15.2. దీని మీద ఇంకో మాట కింద చెప్తాను.

రెండోది తెలుగు నుంచి వచ్చిన తప్పు. "ఎక్కువ" అనే ఒక్క మాట మనకు లెక్కకూ ఎత్తుకూ రెండింటికీ పనికొస్తుంది. ఇంగ్లీషులో ప్రివలెన్స్ అనేది ఒక మట్టం లాంటిది, దానికి "హై, లో, హయ్యర్, లోయర్" మాత్రమే పొసుగుతాయి. "మోర్ ప్రివలెన్స్", "లెస్ ప్రివలెన్స్", "మెనీ" ఏవీ కుదరవు. "మోర్ ప్రివలెంట్" మాత్రం తప్పు కాదు, అక్కడ ప్రివలెంట్ విశేషణం, దాని ముందున్న పేరు జబ్బుది: "డయాబెటిస్ వాజ్ మోర్ ప్రివలెంట్ అమాంగ్ విమెన్." పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు ఫీమేల్స్, మేల్స్ బదులు విమెన్, మెన్ వాడండి. "డయాబెటిక్స్" అని మనుషులకు జబ్బు పేరు పెట్టకుండా "పీపుల్ విత్ డయాబెటిస్" అనండి, ఇప్పుడు చాలా జర్నళ్లు అదే అడుగుతున్నాయి.

ప్రిపోజిషన్లు మూడే గుర్తుపెట్టుకోండి. జబ్బుకు "ఆఫ్", మనుషులకు "అమాంగ్", చోటుకు "ఇన్". "ప్రివలెన్స్ ఆఫ్ డయాబెటిస్ అమాంగ్ అడల్ట్స్ ఏజ్డ్ 30 ఇయర్స్ ఆర్ ఓల్డర్ ఇన్ రూరల్" అని మండలం పేరు. ఈ వరుసలో రాస్తే హారం దానంతటదే వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది. చాలా థీసిసుల్లో లోపించేది ఆ హారమే.

మూడోది ప్రమాదకరం. 8 నుంచి 12కు పెరిగితే అది 4 పర్సెంటేజ్ పాయింట్ల పెరుగుదల. పాత విలువతో పోలిస్తే 50 శాతం పెరుగుదల. మీరు "4 పర్సెంట్ ఇంక్రీజ్" అంటే 8 కాస్తా 8.32 అయిందని చదువరి అర్థం చేసుకునే వీలుంది. రెండు చివర్లూ ఇవ్వడమే మంచిది: "ఫ్రమ్ 8 పర్సెంట్ టు 12 పర్సెంట్". జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత నాలుగో విడతలో 53.1 శాతం, 2019–21లో జరిగిన ఐదో విడతలో 57.0. దీన్ని 3.9 పాయింట్లు అని రాసినా, 7.3 శాతం అని రాసినా రెండూ నిజమే. ఏది రాశారో చెప్పకపోతే మాత్రం రెండూ అబద్ధాలవుతాయి. పైగా పాత సర్వేలోనూ పరగడుపు పరీక్షే చేశారా, వయసు 30 నుంచేనా అని చూసుకున్నాకే "పెరిగింది" అనండి.

నాలుగోది అసలు కొట్టేయాల్సిన వాక్యం. రిస్క్ అంటే జబ్బు లేనివాళ్లకు కొత్తగా వచ్చే అవకాశం. ఒక్కసారి చూసిన సర్వేలో అది తెలియదు. మీ 1.7 ఆడ్స్ రేషియో, అంటే జబ్బున్నవాళ్లను లేనివాళ్లతో భాగించి ఆడమగలను పోల్చేది: 32 బై 188ని 16 బై 164తో భాగిస్తే 1.74. ప్రివలెన్స్ రేషియో చూస్తే ఆడవాళ్ల 14.5 శాతం బై మగవాళ్ల 8.9 శాతం, అంటే 1.6. జబ్బు అరుదైతే రెండూ దగ్గరగా ఉంటాయి. సాధారణమైతే విడిపోతాయి. ఒక వర్గంలో 60 శాతం, ఇంకో వర్గంలో 40 శాతం ఉందనుకోండి, ప్రివలెన్స్ రేషియో 1.5, ఆడ్స్ రేషియో 2.25. రక్తహీనత మీద రాసేవాళ్లు ఈ 2.25ను పట్టుకుని "రెండింతలకు పైగా" అనేస్తుంటారు. ఉన్నది ఒకటిన్నర రెట్లే.

మీ 1.6కు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్కేస్తే 0.93 నుంచి 2.88 వచ్చింది. తేడా లేదని చెప్పే 1 అందులోనే ఉంది. కాబట్టి "హయ్యర్ అమాంగ్ విమెన్" అని గట్టిగా చెప్పే బలం మీ సర్వేకు లేదు. విలువలు రెండూ ఇచ్చి, తేడా కచ్చితంగా తేలలేదని రాయండి.

కింద చెప్తానన్న మాట ఇదీ. మీరు 400 మందిని విడివిడిగా ఎంచలేదు, ఊరికి 20 మందిని గుత్తులుగా తీసుకున్నారు. ఒకే ఊరివాళ్ల తిండీ పనీ ఒకేలా ఉంటాయి కాబట్టి 20 మంది ఇచ్చే సమాచారం 20 మందికి తగ్గుతుంది. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు: 1 + (20 − 1) × ఊరిలోపలి పోలిక గుణకం. ఆ గుణకం 0.05 అనుకుంటే 1.95. దాని వర్గమూలం 1.4తో మీ ఇంటర్వెల్ వెడల్పును హెచ్చించాలి, అప్పుడు 7.6 నుంచి 16.4 దాకా పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఊరిని క్లస్టర్‌గా చెప్తే మీ డేటాలోంచే అసలు గుణకం తీసి లెక్కేస్తుంది. ఆడమగ పోలికకూ అదే వర్తిస్తుంది.

తూర్పుకనుమ

పై జవాబు బాగుంది, కానీ "రేట్ ఎప్పుడూ తప్పే" అని వంశధార గారు అనుకోకుండా ఒక మాట. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో పీఆర్, అంటే ప్రివలెన్స్ రేట్, ఒక స్థిరపడ్డ పేరు. దాన్ని ఉటంకించేటప్పుడు మార్చొద్దు. ఎలా లెక్కేస్తారో తెలుసుకుని వాడితే చాలు.

మార్చి 31న రిజిస్టర్‌లో చికిత్స పొందుతున్నవారు ఎంతమంది? ఆ సంఖ్యను జనాభాతో భాగించి 10,000తో హెచ్చిస్తారు. ఊళ్లలో నిజంగా ఎంతమందికి జబ్బు ఉందన్నది ఇందులో రాదు, రిజిస్టర్‌లో పేరుండాలి. అందుకే ఇంగ్లీషులో దీన్ని "రిజిస్టర్డ్ ప్రివలెన్స్" అనడం అన్నిటికన్నా స్పష్టం. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ 2000 కల్లా 10,000కు 1 కంటే తక్కువకు తేవాలని లక్ష్యం పెట్టింది. భారత్ జాతీయ స్థాయిలో 2005 డిసెంబర్‌లో దాన్ని అందుకుంది. ఇంగ్లీషులో ఆ స్థితి పేరు "ఎలిమినేషన్ యాజ్ ఎ పబ్లిక్ హెల్త్ ప్రాబ్లమ్". జబ్బు పోయిందని దీని అర్థం కాదు. తెలుగులో "నిర్మూలన" అని రాసేసరికి చాలామంది పోయిందనే అనుకున్నారు.

చికిత్స గడువు మారితే ఈ అంకె ఎలా మారుతుందో చూడండి. 30 లక్షల జనాభా ఉన్న ఒక జిల్లా ఊహించుకోండి. ఏటా 380 మంది కొత్తవాళ్లు. వాళ్లలో 180 మంది మల్టీబాసిలరీ (ఒంట్లో క్రిములు ఎక్కువున్న రకం), 200 మంది పాసిబాసిలరీ (తక్కువున్న రకం). మల్టీబాసిలరీకి మందులు 24 నెలలు ఇచ్చిన రోజుల్లో ఒక్కో పేరు రెండేళ్లు రిజిస్టర్‌లో ఉండేది: 360. పాసిబాసిలరీకి 6 నెలలు: ఏ రోజు చూసినా సుమారు 100. మొత్తం 460, పీఆర్ 1.53. 1990ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మల్టీబాసిలరీ గడువును 12 నెలలకు తగ్గించింది. అదే జిల్లా, అంతేమంది కొత్త రోగులు, ఇప్పుడు 180 + 100 = 280, పీఆర్ 0.93. ఒక్క రోగి కూడా తగ్గకుండానే లక్ష్యం గీత కిందికి వచ్చేసింది. ఏప్రిల్‌లో బయటపడి అక్టోబర్‌కు మందులు పూర్తిచేసిన పాసిబాసిలరీ రోగి పేరైతే ఏ మార్చి 31నా కనబడదు.

అందుకే పీఆర్ పక్కన కొత్త కేసుల రేటు, ఏఎన్‌సీడీఆర్, తప్పకుండా చూడాలి. అది నిజంగానే రేట్, ఏడాదికి లెక్క. మన ఊహా జిల్లాలో 12.7. ఇక్కడ జనం ఎక్కువగా పడే గుంట ఒకటుంది: పీఆర్ 10,000కు, ఏఎన్‌సీడీఆర్ లక్షకు. ఒకే పట్టికలో 0.93, 12.7 పక్కపక్కన పెట్టి హారాలు రాయకపోతే చదివేవాళ్లు పది రెట్లు తప్పు తీస్తారు. రెండింటినీ లక్షకు మారిస్తే 9.3, 12.7.

దీని వెనక ఉన్నది ఒకే సూత్రం. జబ్బు నిలకడగా ఉండి, అరుదైనదైతే, ప్రివలెన్స్ సుమారుగా ఇన్సిడెన్స్‌ను జబ్బు ఉండే కాలంతో హెచ్చించినంత. ఏడాదికి లక్షకు 200 మంది కొత్తగా, ఒక్కొక్కరికీ ఏడాదిన్నర ఉంటే, ఏ రోజు చూసినా లక్షకు 300. ఈ కారణంగా ప్రివలెన్స్ పెరగడం చెడ్డ వార్తే కానక్కర్లేదు. హెచ్‌ఐవీ మందులు వచ్చాక మనుషులు బతుకుతున్నారు, బతికిన ప్రతి ఒక్కరూ ప్రివలెన్స్‌లో ఉంటారు. ఇంగ్లీషు రిపోర్టుల్లో "ప్రివలెన్స్ రోజ్" అని కనబడగానే "ద డిసీజ్ ఈజ్ స్ప్రెడింగ్" అని మీ డిస్కషన్ చాప్టర్‌లో రాయొద్దు.

క్షయ విషయంలో ఇంకో తేడా. 2019–21 జాతీయ టీబీ ప్రివలెన్స్ సర్వే 15 ఏళ్లు, ఆపైవారిలో ల్యాబ్‌లో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయ లక్షకు 316 అని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే 2023 అంచనా, లక్షకు 195, ఇన్సిడెన్స్, అన్ని వయసులకూ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "తగ్గింది" అని రాసినవి కొన్ని చూశాం. ఒకటి ఆ రోజుకు ఉన్నవాళ్ల లెక్క, రెండోది ఏడాదిలో వచ్చినవాళ్ల లెక్క, వాటి మధ్య తీసివేత చెయ్యకూడదు.

పరగడుపు

వాక్యాల మీద అందరూ చెప్పారు, నేను మీ పరీక్ష మీద. ఇంగ్లీషులో ప్రివలెన్స్ ముందు ఒక విశేషణం పెడితే సగం గొడవలు తీరతాయి. రిపోర్టెడ్, సెల్ఫ్ రిపోర్టెడ్, డయాగ్నోజ్డ్, స్క్రీన్ డిటెక్టెడ్, ఎస్టిమేటెడ్. ఒక్కొక్కదానికి అంకె మారిపోతుంది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో, 12 రాష్ట్రాల్లో 18 ఏళ్లు, ఆపైవారిలో, ఏదో ఒక మానసిక సమస్య "కరెంట్" (ఇప్పుడున్నది) 10.6 శాతం, "లైఫ్‌టైమ్" (జీవితంలో ఎప్పుడైనా వచ్చింది) 13.7 శాతం. అదే సర్వే, అవే మనుషులు. ఆ విశేషణం లేకుండా అంకె వాడితే ఎవరు ఏది వాడారో తెలియదు.

మీది ఒక్కసారి వేలి రక్తం. లక్షణాలు లేని మనిషికి క్లినిక్‌లో రెండో పరీక్ష లేకుండా మధుమేహం అని రాయరు. కాబట్టి "పీపుల్ ప్రీవియస్లీ డయాగ్నోజ్డ్", "పీపుల్ స్క్రీన్ పాజిటివ్ ఆన్ ఎ సింగిల్ క్యాపిలరీ టెస్ట్" అని 48ని రెండు ముక్కలు చేసి చూపండి. కుటుంబ ఆరోగ్య సర్వే ఈ జాగ్రత్త తీసుకుంది: అక్కడ ఎప్పుడైనా తీసిన రక్తంలో 140 దాటితే లేదా మందు వాడుతుంటే "హై బ్లడ్ షుగర్" అన్నారు గానీ డయాబెటిస్ ప్రివలెన్స్ అనలేదు. దాన్ని పత్రికల్లో, థీసిసుల్లో డయాబెటిస్‌గా మార్చేస్తున్నారు.

పరీక్ష తప్పులు అంకెను ఎంత పెంచుతాయో వెయ్యిమందితో చూడండి. నిజంగా 50 మందికి జబ్బు. పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకోవడం) 90, స్పెసిఫిసిటీ (లేనివాళ్లను లేదని తేల్చడం) 90 శాతం. 50లో 45 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలో 95 మందికి లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. మొత్తం 140. నిజం 5 శాతం, కనబడింది 14 శాతం. ఈ 14కు ఇంగ్లీషులో "అపారెంట్ ప్రివలెన్స్" అని పేరుంది. వెనక్కి తేవాలంటే: కనబడిన 0.14కు స్పెసిఫిసిటీ 0.90 కలిపి 1 తీసేస్తే 0.04. దాన్ని 0.90 + 0.90 − 1, అంటే 0.80తో భాగిస్తే 0.05. జబ్బు ఎంత అరుదైతే ఈ పొంగు అంత ఎక్కువ.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రాసేవాళ్లకూ ఇదే సమస్య. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే తేడా కనీసం 3 నెలలు నిలవాలి. ఒక్కరోజు క్యాంపులో కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ చూసి ప్రివలెన్స్ అంటే, ఆ వారం ఎండలో పనిచేసి నీళ్లు తగ్గినవాళ్లు కూడా అందులో పడతారు.

ఆసుపత్రి ఓపీలో లెక్కేసి ఊరి ప్రివలెన్స్ అనడం మీరు చెయ్యలేదు, సంతోషం.

డెస్క్‌గట్టు

మీ తెలుగు పేజీకి "వ్యాప్తి రేటు" వద్దండి. వ్యాప్తి అనగానే ఒకరి నుంచి ఒకరికి పాకడమే గుర్తొస్తుంది. "మధుమేహం వ్యాప్తి 12 శాతం" అని పంచాయతీ బోర్డు మీద పెడితే ఆ ఇళ్లలో కంచం వేరుపెట్టే ప్రమాదం నిజంగా ఉంది. "ప్రాబల్యం" నిఘంటువుకు సరే, ఊళ్లో పలకదు. పేరు వెతకడం మానేసి క్రియతో చెప్పండి: "30 ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి 100 మందిలో 12 మందికి షుగర్ ఉంది." హారం, వయసు, జబ్బు అన్నీ వచ్చేశాయి, రేటు మాటే అక్కర్లేదు.

"ప్రతి 8 మందిలో ఒకరు" అని కూడా రాయొచ్చు, 12 శాతానికి దగ్గరే. కానీ రెండు వర్గాలను పోల్చేటప్పుడు హారం మార్చకండి. "ఆడవాళ్లలో 7 మందికి ఒకరు, మగవాళ్లలో 11 మందికి ఒకరు" అంటే చాలామంది 11 పెద్దది కాబట్టి మగవాళ్లకే ఎక్కువ అనుకుంటారు. వందకు 15, వందకు 9 అనండి.

ఇంగ్లీషు నుంచి తెచ్చేటప్పుడు కామా చూసుకోండి. వాళ్ల 100,000, మన 1,00,000 ఒకటే, లక్ష. వాళ్ల 101 మిలియన్ మనకు 10.1 కోట్లు. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లకు ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చింది ఆ సంఖ్యే: 20 ఏళ్లు, ఆపైవారిలో 11.4 శాతం. అదే దేశానికి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనా 7.42 కోట్లు, 20 నుంచి 79 ఏళ్లవారికి. పత్రిక డెస్కులో ఈ రెండూ చూసి "రెండేళ్లలో రెండున్నర కోట్లకు పైగా పెరిగారు" అని శీర్షిక పెట్టడం చాలా తేలిక. అవి రెండు వేర్వేరు లెక్కింపులు, ఒకే లెక్కింపులో రెండు తేదీలు కావు.

వంశధార

అందరికీ ధన్యవాదాలు. ఊరిని క్లస్టర్‌గా పెట్టి మళ్లీ లెక్కేస్తాను. అప్పటిదాకా వాక్యం ఇలా మార్చాను:

"ద ప్రివలెన్స్ ఆఫ్ డయాబెటిస్, ఐదర్ ప్రీవియస్లీ డయాగ్నోజ్డ్ ఆర్ స్క్రీన్ డిటెక్టెడ్, అమాంగ్ 400 అడల్ట్స్ ఏజ్డ్ 30 ఇయర్స్ ఆర్ ఓల్డర్ ఇన్ 20 విలేజెస్ వాజ్ 12.0 పర్సెంట్. ఇట్ వాజ్ 14.5 పర్సెంట్ అమాంగ్ విమెన్ అండ్ 8.9 పర్సెంట్ అమాంగ్ మెన్. ప్రివలెన్స్ రేషియో 1.6, 95 పర్సెంట్ సీఐ 0.9 టు 2.9."

పాత సర్వేలో రాండమ్ షుగర్ (పరగడుపు కాకుండా ఎప్పుడైనా తీసిన రక్తం) చూశారని ఇప్పుడే గమనించాను. పోలిక వాక్యం మొత్తం తీసేశాను.

లెక్కలపలక

తీసేయడం సరైన పని. రెండు చిన్నవి. 12.0 వెనకాలే దాని ఇంటర్వెల్ కూడా అదే వాక్యంలో పెట్టండి, క్లస్టర్ సవరించిందే. ఇంకా సర్వే ఏ నెల నుంచి ఏ నెల దాకా జరిగిందో ఆ వాక్యంలో గానీ దాని ముందు వాక్యంలో గానీ రాయండి, ఒక సమయానికి లెక్కేసే పాయింట్ ప్రివలెన్స్‌కు తేదీ అందులో భాగమే. పట్టిక కింద 48లో మందులు వాడేవాళ్లు ఎంతమంది, కొత్తగా తేలినవాళ్లు ఎంతమంది అన్నది వరుసగా రెండు గడుల్లో ఇవ్వండి, పంచాయతీ పేజీకీ అవే అంకెలు పనికొస్తాయి.